నల్లమలకు పిరికివాళ్ళే పోవాలి

మా ఖిల్లా ఘణపూర్ పిల్లలు తెల్లవారుజామున బండి తీస్తే బిజినేపల్లి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటి మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర చాయ్ తాగుతారు. శ్రీశైలం మొక్కో, సలేశ్వరం జాతరో, ఫర్హాబాద్ సఫారీలో పులి కనపడుతుందన్న ఆశో, ఏదో ఒకటి అటు లాగుతుంది. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు పెద్దలు చెప్పేది ఒకటే మాట: భయపడకండి, ధైర్యంగా పోయి రండి. నేను సరిగ్గా ఎదురు మాట చెప్తాను. భయపడండి. ధైర్యవంతులు ఇంట్లోనే ఉండిపోతే నల్లమలకు చాలా మేలు.

ఎందుకో చెప్పాలంటే, ఆ అడవిలో ఆపద వస్తే వచ్చేదెవరో ముందు తెలియాలి. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన అడవిలో, రాష్ట్రం విడిపోయాక మన తెలంగాణ వైపు మిగిలిన భాగమే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. కోర్, బఫర్ కలిపి 2,611 చదరపు కిలోమీటర్లు. దీన్ని కాసేది బీట్ ఆఫీసర్లు, సెక్షన్ ఆఫీసర్లు, వాళ్ళ పైన రేంజ్ ఆఫీసర్లు, బేస్ క్యాంపుల్లో ఉండే వాచర్లు. వాచర్లలో చాలామంది ఈ అడవి ఆదివాసులైన చెంచులు. చేతిలో కర్ర, భుజాన నీళ్ళ సీసా, ఫోన్‌లో ఎం-స్ట్రైప్స్ యాప్, అంతే. పులి అడుగు, తెగిన వల, కొట్టేసిన చెట్టు, ఎవరో వండుకుని వదిలేసిన పొయ్యి, కనపడిందల్లా అందులో ఎక్కిస్తూ నడుస్తారు. వేటగాణ్ణి పట్టుకోవాల్సిందీ, మంట ఆర్పాల్సిందీ, బావిలో పడ్డ ఎలుగును బయటికి తీయాల్సిందీ, సొమ్మసిల్లిన భక్తుణ్ణి భుజాన వేసుకుని గుట్ట ఎక్కాల్సిందీ ఆ నలుగురే. మీ కోసం ఇద్దరు కదిలారంటే ఆ పూట వాళ్ళ బీట్ ఖాళీ. నా సలహాలన్నీ ఈ ఒక్క లెక్క మీద నిలబడ్డవి. వినడానికి తిరకాసుగా ఉంటాయి. అయినా పాటించండి.

ఆలస్యంగా చేరండి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూర్‌లో, అటువైపు దోమలపెంటలో గేట్లు మూస్తారు. ఏ రాత్రి ఆ గేటు దగ్గర నిలబడినా ఈ మాటలే వినపడతాయి.

“అన్నా, పది నిమిషాలే గదా లేటయింది. పొద్దుగాల దర్శనం ఉంది.”

“నీకు పది నిమిషాలే తమ్మీ. ఈ గేటు లేపితే నీ ఎనక ఇరవై బండ్లు వస్తయి. పండుకో, ఆరు గొట్టంగనే పోదువు.”

గేటు మనిషి చెప్పేది అక్షరాలా నిజం. రాత్రి పూట ఆ రోడ్డు జంతువులది. కణితి, దుప్పి హెడ్‌లైటు వెలుగు కళ్ళలో పడితే రోడ్డు మధ్యలో కదలకుండా నిలబడిపోతాయి. బండి మీదున్నవాడు దాన్ని గుద్దినా, తప్పించబోయి బోల్తాపడినా, చాలా చోట్ల ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. తెల్లవారి మొదటి బస్సు డ్రైవర్ చూసేదాకా అక్కడే పడి ఉంటాడు. ఇంకో సంగతి, వేటగాళ్ళకూ కలప దొంగలకూ కావాల్సింది రాత్రి రద్దీయే. బండ్లు తిరుగుతుంటే వాళ్ళ బండి అందులో కలిసిపోతుంది. రోడ్డు నిర్మానుష్యంగా ఉన్నప్పుడు కనపడ్డ ఒక్క లైటూ అనుమానానికి తగినదే. అంటే మీరు గేటు దగ్గర చాప పరుచుకుని పడుకున్నా అడవి కాపలాలో పాలు పంచుకున్నట్టే. దర్శనం మధ్యాహ్నం చేసుకోండి.

పగటి పూట పోతూ కోతులకు అరటిపండ్లు పెట్టకండి. ఆకలిగా చెయ్యి చాపిన ప్రాణికి తిండి పెట్టొద్దనడం మన పద్ధతికి ఎదురే. కానీ పండు దొరికే చోటే కోతి కాపురం పెడుతుంది. ఆ చోటు రోడ్డు అయింది కాబట్టి పిల్లతల్లులు టైర్ల కింద పడుతున్నాయి. ప్లాస్టిక్ కవరు పట్టుబడో, కోతికి బన్ను పెట్టో జరిమానా పడితే బేరం ఆడొద్దు, పలుకుబడి ఉన్న మామకు ఫోన్ కలిపి ఇవ్వొద్దు. కట్టండి, రసీదు అడిగి తీసుకోండి. ఆ ఫోన్ ఒకసారి పనిచేసిందంటే, రేపు వలలు తెచ్చేవాడికీ ఒక మామ ఉంటాడు.

ఇక సలేశ్వరం. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఏడాదిలో చైత్ర పౌర్ణమి ముందూ వెనుకా కొన్ని రోజులే అటు అడవి తెరుస్తారు. ఫర్హాబాద్ గేటు నుంచి రాంపూర్ పెంట అనే చెంచు గూడెం దాకా బండ్లు, అక్కణ్ణుంచి రాళ్ళ మీద నడక. లోయలోకి దిగి దిగి, జలపాతం పడే గుండం దగ్గర గుహలో లింగమయ్యను చూడాలి. పూజ చేసేది చెంచులు. నా సలహా: సగం దారిలో ఒంట్లో ఏ మాత్రం తేడా అనిపించినా వెనక్కి తిరగండి. గుండం కనపడే దూరంలో ఉన్నా సరే.

మా ఊరి పిల్లలు దీనికి ఒప్పుకోరు. ఖిల్లా గుట్ట ఎక్కిన కాళ్ళు ఇవి, సలేశ్వరం ఎంత అంటారు. అక్కడే పొరపాటు. ఖిల్లా ఎక్కేటప్పుడు కష్టం ముందు వస్తుంది. ఊపిరి ఆడకపోతే ఒక మెట్టు మీద కూలబడి, గణపసముద్రం చెరువు మీద నుంచి వచ్చే గాలి పీల్చుకుని, కిందికి దిగిపోవచ్చు. సలేశ్వరంలో దిగడం ముందు, ఎక్కడం తర్వాత. దిగుతున్నప్పుడు ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, సీసాలో నీళ్ళుంటాయి, జనం లింగమయ్యను పిలుచుకుంటూ పోతుంటే ఉత్సాహం వస్తుంది. నీళ్ళు అయిపోయి, ఏప్రిల్ ఎండ నెత్తి మీదికి వచ్చి, రాయి సెగలు కక్కే వేళకు ఎక్కుడు మొదలవుతుంది. తిరిగిపోదామన్నా ఆ ఎక్కుడు తప్ప వేరే తొవ్వ లేదు.

అమెరికాలో గ్రాండ్ కాన్యన్‌దీ ఇదే కథ. అక్కడ చట్టం అమలు చూసే నేషనల్ పార్క్ రేంజర్ల నడుముకు తుపాకీ ఉంటుంది. అరెస్టు చేస్తారు, ప్రథమ చికిత్స చేస్తారు, అవసరమైతే హెలికాప్టర్ తెప్పిస్తారు. అంత బలగం ఉండి కూడా 1996 వేసవిలో ఎండదెబ్బ చావులు చూశాక, 1997 నుంచి వాళ్ళు మరో పని మొదలుపెట్టారు. దారి మొదట్లో నిలబడి దిగేవాళ్ళను పలకరించడం. నీళ్ళెన్ని ఉన్నాయి, ఎంత దూరం అనుకున్నారు, తిరిగి ఎక్కేటప్పుడు ఎండ ఎట్లా ఉంటుందో తెలుసా అని అడగడం, వీలైతే ఒప్పించి వెనక్కి పంపడం. లోయలో నుంచి మనిషిని మోసుకురావడం కంటే మాటతో ఆపడం మేలని తేలింది. రాంపూర్ పెంట దాటాక ఏ చెంచు వాచరో “అవ్వా, నువ్వు ఈడనే కూసో” అన్నాడంటే అది మీ అవ్వను చిన్నబుచ్చడం అనుకోకండి. ఆ మాట అనడానికే ఆయన ఎండలో నిలబడ్డాడు. అవ్వ అక్కడి నుంచే దండం పెట్టుకుంటుంది, లింగమయ్యకు ముడుతుంది.

అక్కడ ఎవరైనా కుప్పకూలి, మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతూ ఉంటే అది ఎండదెబ్బ. నీడకు చేర్చండి, బట్టలు వదులు చేసి నీళ్ళతో తడపండి, విసరండి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో చుక్క నీళ్ళు పోయొద్దు. చుట్టూ చేరినవాళ్ళు పోయమని తొందర పెడతారు. ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అడవిలో నిశ్శబ్దంగా ఉండమని ప్రతి బోర్డు మీదా రాసి ఉంటుంది. సఫారీ బండిలో ఉన్నవాళ్ళకు అది సరే. కాలినడకన పోయేవాళ్ళు మాట్లాడుకుంటూ నడవండి. నల్లమలలో మనిషిని గాయపరిచేది ఎక్కువగా ఎలుగుబంటి. దానికి మనిషి మాంసం అక్కర్లేదు, మనం హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. అది గోళ్ళతో ముఖం మీదికే వస్తుంది. తేనెకూ గడ్డలకూ పోయిన చెంచుల ఒంటి మీద ఆ గాట్లు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. దూరం నుంచి మాట వినపడితే అదే పక్కకు తప్పుకుంటుంది. మాటలంటే మాటలే, స్పీకర్లు పెట్టి పాటలు మోగించమని అనలేదు. చిరుతో పులో కనపడితే పరుగు తీయకండి, వంగకండి, కూర్చోకండి. దాని వైపే చూస్తూ, పిల్లలుంటే ఎత్తుకుని, ఒక్కో అడుగే వెనక్కి వేయండి. పరుగెత్తేదాన్ని తరమడం దాని రక్తంలో ఉంది.

దారి తప్పితే వెతుక్కోకండి. ఈ ఒక్క సలహా నోటికి వచ్చేదాకా పిల్లలతో చెప్పించాలి. తప్పిపోయామని తెలిసిన చోటే కూర్చోండి. 2009 సెప్టెంబర్ 2 పొద్దున ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల మీద కనపడకుండా పోయింది. వైమానిక దళం, పోలీసులు, అటవీ సిబ్బంది, ఆ గూడేల జనం అంతా కలిసి వెతికితే, కర్నూలు జిల్లా వైపు పావురాలగుట్ట మీద దాని శకలాలు కనపడింది మర్నాడు పొద్దున. హెలికాప్టర్ అంత వస్తువు, ముఖ్యమంత్రి అంత మనిషి, ప్రభుత్వం మొత్తం కదిలినా ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. నల్లమల అంత దట్టం. మీ కోసం వచ్చేది ఇద్దరు వాచర్లు. వాళ్ళు మిమ్మల్ని ఆఖరుగా చూసిన చోటు నుంచి మొదలుపెట్టి, చుట్టూ పెంచుకుంటూ వెతుకుతారు. మీరు కదిలే ప్రతి గంటా వాళ్ళు వెతకాల్సిన అడవిని పెంచుతుంది. వాగు వెంట పోతే ఊరు వస్తుందన్న మాట మన మైదానాలకు సరిపోతుంది. అమ్రాబాద్ వైపు వాగులు పోయి పోయి కృష్ణ లోయలోకి దూకుతాయి. బండ మీద తెరిపిన కూర్చుని, రంగు తువ్వాల కొమ్మకు కట్టి, ఆగి ఆగి మూడేసి సార్లు ఈల వేయండి. బయల్దేరే ముందే ఇంట్లో ఒక కాగితం మీద ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి రాకపోతే ఫోన్ చేయాలో రాసి పెట్టండి. అమ్మ కంగారు పడుతుందని చెప్పకుండా పోవద్దు. ఆమె కంగారే మీకు దిక్కు, 112కు ఫోన్ చేసేది ఆమే.

అడవి అంటుకుంటే ఆర్పడానికి ఎగబడకండి. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమల నేలంతా ఎండుటాకు, బోద గడ్డి. ఇప్పపువ్వు కనపడాలని చెట్టు కింద ఆకు కాల్చేవాళ్ళు, బీడీ పారేసేవాళ్ళు, శివరాత్రికి కాలినడకన పోతూ వంట పొయ్యి ఆర్పకుండా లేచిపోయేవాళ్ళు, నిప్పుకు దారులు ఎన్నో. అక్కడ బిందెలతో నీళ్ళు పోసే పని లేదు, నీళ్ళే ఉండవు. సిబ్బంది చేసేది మంటకు తిండి లేకుండా చేయడం. ముందే గీసిన ఫైర్ లైన్లలో ఆకు లేకుండా చూస్తారు. మంట వస్తుంటే బ్లోయర్లతో దాని ముందున్న ఆకును ఊది నేల తేలుస్తారు, పచ్చి కొమ్మలతో అంచులు కొడతారు. గాలి ఎటు తిరుగుతుందో, ఎక్కడ నిలబడాలో వాళ్ళకు తెలుసు. తెలియనివాడు పోతే మంట ఆర్పడం మానేసి వాణ్ణి కాపాడాలి. మంట గుట్ట ఎక్కేటప్పుడు పరుగులు తీస్తుంది, పై గడ్డిని ముందే వేడి చేసుకుంటూ పోతుంది. కాబట్టి పైకి పారిపోవద్దు. పక్కకు, కాలిపోయిన నేల వైపు, రోడ్డు వైపు రండి. పొగ ఎక్కడ చూశారో దగ్గరి చెక్‌పోస్టులో చెప్పండి. ఉపగ్రహం మంటను పసిగట్టి కబురు పంపుతుంది గానీ, అది రోజుకు కొన్నిసార్లే మన మీదుగా పోతుంది. పెంటలో ఉన్న చెంచు మనిషి కన్ను అంతకంటే ముందు చూస్తుంది.

పాము కరిస్తే బిగించి కట్టు కట్టకండి, కోయకండి, పామును చంపి సంచీలో వేసుకుని రాకండి. నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరలు, నాలుగింటి విషానికీ ఒకటే మందు ఇస్తారు. కరిచిన కాలును కర్రతో ఆనించి కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా, 108లోనో దొరికిన బండిలోనో పెద్ద సర్కారు దవాఖానాకు చేర్చండి. వనపర్తి, నాగర్‌కర్నూల్ రెండు చోట్లా 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. పసరు కోసం ఆగిన అర్ధగంటే ప్రాణం తీస్తుంది.

అసలు ఆపద నల్లమల దాకా పోతేనే వస్తుందని అనుకోవద్దు. మా చేలలోనే ఉంది. పల్లి చేను మీద అడవిపందులు పడి రాత్రికి రాత్రి తవ్విపోస్తాయి. ఆ బాధ చిన్నది కాదు. పెట్టుబడి మట్టిలో కలిసిన రైతు గట్టు చుట్టూ సన్నని తీగ లాగి, కరెంటు స్తంభం నుంచి కొక్కెం వేస్తాడు. పందికి అనుకుంటాడు. పొద్దుగూకినాక మోటర్ వేయడానికి పోయిన పక్క చేను మనిషి కాలికి అదే తీగ తగులుతుంది. అప్పుడు నా సలహా మరీ కఠినంగా ఉంటుంది: పడిపోయిన మనిషిని పట్టుకోకండి. అన్న అయినా, కొడుకైనా. ఒకరి కోసం పోయి ఇంకొకరు, ఒకే గట్టు మీద రెండు శవాలు తేలిన ఊళ్ళు తెలంగాణలో ఉన్నాయి. దూరంగా నిలబడండి, మిగతావాళ్ళను ఆపండి, లైన్‌మన్‌కు ఫోన్ చేసి సరఫరా ఆపించండి. తీగ చచ్చిందని ఆయన చెప్పాకే పరుగెత్తండి.

అలాంటి తీగ కనపడితే చుట్టమని, పక్క చేనువాడని చూడకుండా ముందే చెప్పేయండి. ఊళ్ళో దీన్ని చాడీ అంటారు. మనిషి పోయాక తీగ లాగినవాడి మీద పడేది హత్య కాని నరహత్య కేసు. ముందు చెప్పినవాడు పక్క చేనువాణ్ణి కూడా కాపాడినట్టే. పంట పోయినందుకు పరిహారం అడగాల్సింది అడగండి, గట్టిగానే అడగండి.

అటవీ అధికారి ఆగమంటే ఆగండి. ఖాకీ ఉన్నా చేతిలో ఏమీ లేదు కదా, పోలీసు కాదు కదా అనుకునేవాళ్ళు చాలామంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అనుమానానికి తగిన కారణం ఉంటే ఆయన వారంట్ లేకుండా బండి ఆపవచ్చు, సోదా చేయవచ్చు, అరెస్టు చేయవచ్చు. అభయారణ్యంలో వేటాడితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా శిక్ష. ఇంత అధికారం ఉన్న మనిషి ఒట్టి చేతులతో తిరుగుతాడు. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో, నాటిన మొక్కలు పాడవుతున్నాయని చూడబోయిన రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావును కత్తులతో నరికి చంపారు. దాని వెనకున్న పోడు భూముల తగాదాలో ఎవరి బాధ ఎంత అన్నది పెద్ద చర్చ, చెయ్యాల్సిందే. కానీ ఆ రోజు ఆయన దగ్గర ఆయుధం లేదు, ఆయనకు ఉన్న కవచమల్లా ఎదుటివాళ్ళు మాట వింటారన్న నమ్మకం. తుపాకీ ఉన్నవాడి మాట ఎవరైనా వింటారు. లేనివాడి మాట మనం వింటేనే ఆయన రేపు మళ్ళీ డ్యూటీకి పోగలడు.

చివరి సలహాకు మా ఊరి పెద్దలు నన్ను తిట్టినా ఫరవాలేదు: కోర్టు మెట్లు ఎక్కండి. ఎక్కడైనా వలలో, ఉచ్చులో జంతువు దొరికి సిబ్బంది పంచనామా రాస్తుంటే జనం ఒక్కొక్కరూ జారుకుంటారు. సంతకం పెడితే తిప్పలని భయం. పెట్టినవాళ్ళూ ఏళ్ళ తర్వాత కోర్టులో తమకేమీ తెలియదంటారు, కేసు అక్కడితో కొట్టుకుపోతుంది. పట్టుకోవడానికి రాత్రంతా తడిసిన వాచర్, విడుదలైన మనిషిని మళ్ళీ అదే దారిలో చూస్తాడు. మీరు చూసింది చూసినట్టు రాయించండి. చదివి వినిపించమనండి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. తేదీ, చోటు మీ దగ్గరా రాసుకోండి, వాయిదా వచ్చేసరికి ఏళ్ళు గడవవచ్చు. సమన్లు అందితే అచ్చంపేటకో నాగర్‌కర్నూల్‌కో పొద్దున బస్సు పట్టుకుని పొండి. క్రిమినల్ కేసులో సాక్షికి దారి ఖర్చులు ప్రభుత్వం చేత ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. బస్సు టికెట్ జేబులో దాచుకుని, సాక్ష్యం అయ్యాక అడగండి.